పడవ వచ్చేలోపు

మా బడికి వెళ్ళాలంటే గోదావరి దాటాలి. కోనసీమలో వసిష్ఠ పాయ మధ్య ఒక లంక. అందులో ఓ వంద గడప, అరటి తోటలు, దొండ పందిళ్ళు, నీటి ఒడ్డున పొగాకు చేలు, ఊరి నడుమ రెండు గదుల ప్రాథమిక పాఠశాల. 1991 జూన్‌లో నా మొదటి పోస్టింగు అక్కడే. పొద్దున్నే ఇవతలి రేవులో నిలబడాలి, సాయంత్రం అవతలి రేవులో నిలబడాలి. పడవ నిండితే గాని కదలదు. ఒక్కోరోజు పావుగంట, ఒక్కోరోజు ముప్పావుగంట. ఎనిమిదేళ్ళపాటు అలా నిలబడ్డ గంటలన్నీ కూడితే ఎన్నవుతాయో ఎప్పుడూ లెక్క వేయలేదు. చిన్నపిల్లలకి చదువు చెప్పడం గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆ రేవులో తెలిసిందే.

నన్ను అక్కడ వేయడానికి కారణం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు. 1987లో మొదలైన ఆ పథకం ప్రకారం ప్రతి ప్రాథమిక పాఠశాలకీ కనీసం ఇద్దరు టీచర్లుండాలి, వీలైతే అందులో ఒకరు ఆడవాళ్ళయి ఉండాలి. అలా ఆ ఊరికి నేను మొదటి పంతులమ్మని. మా హెడ్మాస్టరుగారు మూడు, నాలుగు, ఐదు తరగతులు తీసుకుని ఒకటి, రెండు నాకిచ్చారు. "చిన్నపిల్లలే కదమ్మా, ఇబ్బందేం ఉండదు" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటి నెలలోనే తప్పు చేశాను. ఒకటో తరగతిలో ఐదేళ్ళ కుర్రాడొకడు బొత్తిగా నోరు విప్పేవాడు కాదు. ఒకరోజు 'ప' అక్షరం చెబుతూ చార్టు మీద బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే, బడిలో చేరాక మొదటిసారి గొంతు ఎత్తి "నావ" అన్నాడు. "కాదు, పడవ" అన్నాను. మళ్ళీ వాడు మాట్లాడలేదు. ఆ సాయంత్రం రేవులో వాళ్ళమ్మ కనబడింది. పదిమంది వింటుండగా, "మీవాడికి ఏమీ రావడం లేదమ్మా, ఇంటి దగ్గర కాస్త కూర్చోబెట్టి చదివించండి" అన్నాను. ఆవిడ నెత్తిమీద గడ్డిమోపు ఉంది. మోపు దించకుండానే నా వంక చూసి, "మాకు సదువొస్తే మీదాకా ఎందుకు పంపుతామండీ?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో.

మర్నాటి నుంచి కుర్రాడు బడికి రాలేదు.

నాలుగు రోజులు చూసి వాళ్ళింటికి వెళ్ళాను. హాజరుపట్టీ చంకలో పెట్టుకుని వెళ్ళాను. అది రెండో తప్పు. ఆవిడ పక్కింటికి పరుగెత్తి కుర్చీ తెచ్చి వేసింది, తాను గోడవార నిలబడింది. నేను ఏదడిగినా "అలాగేనండీ, పంపుతామండీ" అనడం తప్ప ఇంకో మాట లేదు. ఆవిడ కళ్ళు నా మొహం మీద లేవు, నా చేతిలోని పుస్తకం మీద ఉన్నాయి. పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చినవాళ్ళు ఏదో ఒకటి రాసుకుపోవడమే గాని, ఆ గుమ్మంలో కూర్చుని కబుర్లాడింది లేదు కదా.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఒట్టి చేతులతో. సంతకి పంపే దొండకాయలు ఏరుతున్నారు. కుర్చీ వద్దని చెప్పి నేనూ తట్ట ముందు కూర్చున్నాను. బడిలో నోరు విప్పని ఆ కుర్రాడే అక్కడ పెత్తనం చేస్తున్నాడు. లేతవి ఓ తట్టలో, ముదురువి ఇంకో తట్టలో, పండిపోయినవి మేకకి. నేను పొరపాటున ఒక ముదురుకాయ లేతవాటిలో వేస్తే తీసి, గోటితో నొక్కి చూపించి, అవతల పడేశాడు. రంగు ఒక్కటే చూడకూడదట, నొక్కి కూడా చూడాలట. అప్పుడు నేను సంచిలో రంగుపూసలు పెట్టుకుని తిరుగుతున్నాను, పిల్లలకి రకాలు వేరుచేయడం నేర్పాలని! వీడికి రెండు గుణాలు కలిపి చూసి మూడు కుప్పలు పెట్టడం వచ్చు. నేర్పింది వాళ్ళమ్మ. ఇంటి దగ్గర చదివించమని నేను పదిమందిలో చెప్పింది ఆవిడకే.

కాయలు ఏరుతూ ఏరుతూ మెల్లిగా అడిగాను, ఆవేళ నావ అని ఎందుకన్నావురా అని. తలెత్తకుండానే చెప్పాడు. "పడవంటే మనుసులెక్కేది. నావంటే ఇసక ఏసేది. దోనంటే నాన్న ఒక్కడే ఎల్లేది. బొమ్మలో మనుసులు లేరు గదండీ."

నిజంగానే ఆ బొమ్మలో మనుషులు లేరు. ఆ బొమ్మని నేను అప్పటికి పది పదిహేనుసార్లు పిల్లలకి చూపించి ఉంటాను. ఒక్కసారీ గమనించలేదు.

ఆ రాత్రి నా చిన్నప్పటి దసరాలు గుర్తొచ్చాయి. 1970 ప్రాంతంలో మా ఊళ్ళో మాస్టారు దసరా రోజుల్లో పిల్లలందరినీ వెంటేసుకుని ఇంటింటికీ వచ్చేవారు. మా చేతుల్లో వెదురు విల్లంబులు, రంగు కాగితాలు. ప్రతి గుమ్మం ముందూ పద్యాలు పాడితే, ఇంటివాళ్ళు మాస్టారికి సంభావన, మాకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. జీతాలు లేని వీధిబడుల కాలం నుంచి వచ్చిన ఆచారం అది. ఇసుకలో గుంట ఓనమాలు దిద్దించిన పంతులుగారిని ఊరే పోషించేది. మా మాస్టారికి అప్పటికే సర్కారు జీతం ఉంది. అయినా రావడం మానలేదు. మా అరుగుమీద కూర్చుని, మజ్జిగ తాగుతూ మా నాన్నమ్మని అడిగేవారు: "ఇంటి దగ్గర పిల్ల ఏం చేస్తుందండీ?" మా నాన్నమ్మ చెప్పేది: "దండ కడుతుందండీ. మూరకి ఎన్ని పూలు పడతాయో ముందే చెప్పేస్తుంది." పండగ తర్వాత బళ్ళో లెక్కలు చెప్పేటప్పుడు మాస్టారు నా వైపు తిరిగి, "ఏమ్మా, మూరకి ఇరవై పూలయితే మూడు మూరలకి ఎన్ని?" అన్నారు. క్లాసులో నా కోసమే ఒక లెక్క పుట్టిందని ఎంత పొంగిపోయానో. ఆయన మా ఇంటికి సంభావన కోసం వచ్చారనే అనుకున్నాను చాలా ఏళ్ళు.

సరే, రేవు దగ్గరికి వస్తాను. ఆ రోజు నుంచి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. రేవులో ఏ తల్లి ఎదురైనా ఫిర్యాదు చేయకూడదు. ఆ పూట వాళ్ళ పిల్ల చేసిన పని ఒకటి, చిన్నదైనా సరే, ఉన్నదున్నట్టు చెప్పాలి. "ఇవాళ మీ అమ్మాయి పక్కపిల్లకి బలపం ఇరిచి ఇచ్చింది." "మీవాడు ఇవాళ గబ్బిలం ఎందుకు తలకిందులుగా వేలాడుతుందని అడిగాడు, నాకు సరిగ్గా చెప్పడం రాలేదు, మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగమన్నాను." అంతే. తర్వాత ఒక ప్రశ్న అడగాలి, జవాబు వినాలి. అడిగిన ప్రశ్నకి నిజంగా నాకు జవాబు తెలియకూడదు. తెలిసి అడిగితే వాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు.

మొదట్లో నన్ను చూసి పక్కకి జరిగే ఆడవాళ్ళు రెండు మూడు నెలలకి నా కోసం చోటు ఉంచడం మొదలుపెట్టారు. తట్టలు దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఇయాళ మావోడేం సేశాడండీ పంతులమ్మగారూ?" అని వాళ్ళే అడిగేవారు. పడవ వచ్చేలోపు నలుగురైదుగురు తల్లులతో మాట్లాడడం అయ్యేది. అటెండెన్సు లేదు, సంతకాల్లేవు, బెంచీల్లేవు. చదువు రాదన్న సిగ్గుతో బడి గుమ్మం తొక్కని మనిషికి కూడా రేవు మాత్రం తనదే.

అక్కడే తెలిసింది, మూడు నాలుగు తరగతుల ఆడపిల్లలు పొగాకు పనుల రోజుల్లో బడికి ఎందుకు రారో. తల్లి చేలోకి వెళితే ఏడాదిన్నర, రెండేళ్ళ చంటివాడు అక్క చంకలోకి వస్తాడు. మేము ఆ పిల్లని రాని పిల్లగా హాజరుపట్టీలో రాసుకుంటున్నాం. ఊళ్ళో అంగన్‌వాడీ ఉంది. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలు నడిపే పథకం, మా లంక దాకా కూడా వచ్చింది. కానీ మూడేళ్ళు దాటిన పిల్లల్నే అక్కడ కూర్చోబెట్టుకునేవారు. అంతకన్నా చిన్నవాళ్ళకి పిండి, పప్పు ఇంటికి ఇచ్చి పంపేవారు. అంగన్‌వాడీ టీచరు ఆ ఊరి కోడలే. ఆవిడా, నేనూ, ఆయా, ఆ తల్లులూ రేవులోనే కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. పనుల రోజుల్లో ఒక ముసలమ్మ వంతు ప్రకారం అంగన్‌వాడీలో కూర్చుంటుంది, చంటిపిల్లలు అక్కడే ఉంటారు, అక్కలు గోడ ఇవతల బడిలో ఉంటారు. మధ్యలో చంటివాడు ఏడిస్తే అక్క వెళ్ళి చూసి వస్తుంది, ఎవరూ ఏమీ అనరు. ఏ కాగితం మీదా రాయని ఏర్పాటు అది. ఆ ఏడు ఆరుగురు ఆడపిల్లలు పరీక్ష రాశారు.

పిల్లలకి ఇంటిపని ఇవ్వడం కూడా ఆ రోజుల్లోనే మార్చాను. ఎక్కాలు పదిసార్లు రాసుకురమ్మంటే ఇంట్లో సాయం చేసేవాళ్ళు లేరు, దీపం వెలుతురు లేదు, చేయని పిల్లలకి మర్నాడు భయం. దాని బదులు, "రేపు ఇంటి నుంచి ఒక మాట పట్టుకురండి" అనేదాన్ని. ఇంట్లో వాళ్ళని అడిగి తేవాలి, దాని అర్థం వాళ్ళే చెప్పాలి. మొదటి వారం అంతా చేపలే వచ్చాయి. జెల్ల, వాలుగ, మట్టగిడస, కొర్రమేను, బొమ్మిడాయి. వరదనీరు ఎర్రబడే రోజుల్లో పులస వచ్చింది. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస అనీ, గోదారి ఎదురీదితేనే పులస అవుతుందనీ ఒక పిల్ల తాత చెప్పి పంపాడు. విలస, పులస. ఒకే ఒక్క అక్షరం తేడా. 'వి' ఎక్కడ, 'పు' ఎక్కడ అని నేను చెప్పక్కర్లేకపోయింది. 'జెల్ల' కోసం ఒత్తులు ఒకటో తరగతిలోనే వచ్చేశాయి, పాఠ్యపుస్తకం ప్రకారం వాటికి ఇంకా చాలా టైముంది. ఒక్కో మాటనీ అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి, కింద పిల్లలతో బొమ్మ వేయించి, కిటికీ పక్క గోడకి అంటించేదాన్ని. బయట నుంచి వెళ్ళేవాళ్ళకి కనబడాలని కిటికీ పక్కన పెట్టాను.

తర్వాత తల్లులు కిటికీ దగ్గర ఆగడం మొదలైంది. "నా మాట ఏదండీ?" అని అడిగేవారు. పిల్ల తెచ్చిన మాట అనేవారు కాదు, నా మాట అనేవారు. బొమ్మిడాయి పంపినావిడకి ఆ అట్ట ఎక్కడుందో తెలుసు. కొన్నాళ్ళకి అట్ట చోటు మార్చినా పట్టేసేది. అవి సంపూర్ణ అక్షరాస్యత రాత్రి బడులు నడుస్తున్న రోజులు. ఆవిడ పలక పట్టుకుని రాత్రి బడికి వెళ్ళి, మొదటి రోజే తనకి ఒక మాట చదవడం వచ్చని చెప్పిందట. అక్కడ చెప్పే కుర్రాడు మర్నాడు రేవులో నాకు చెబితే, పడవ ఎక్కాక ఏటి గాలికి మొహం అటు తిప్పుకుని కాసేపు ఏడ్చాను.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి గోడ చూసి, "ఇవేమిటమ్మా చేపల పేర్లు, అచ్చుల చార్టు ఏది?" అన్నారు. అప్పట్లో మా రాష్ట్రంలో ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా పథకం కింద టీచర్లకి శిక్షణలు జరిగేవి. స్థానిక పరిసరాల్ని వాడుకోవాలి, పిల్లల పనిని ప్రదర్శించాలి అన్నవి ఆ పథకం సూత్రాల్లోవే. టీచర్స్ సెంటర్ మీటింగులో మేం చదివినవే చెప్పాను. ఆయన ఒక పిల్లని పిలిచి చదవమన్నారు. వాలుగ చదివింది, కొర్రమేను చదివింది, ఆగకుండా, "మీకు వాలుగ పులుసు ఇష్టమాండీ?" అని అడిగింది. ఆయన రిజిస్టరులో ఏమీ వ్యతిరేకంగా రాయలేదు.

ఇక ఆ తాత సంగతి చెప్పాలి. విలస పులస చెప్పి పంపిన తాతే. చదువు లేదు. వాళ్ళ ఇంటి గుమ్మం కమ్మీ మీద కత్తితో గీసిన గాట్లు ఉండేవి. ఒక్కో గాటు ఒక్కో వరద. ఏ గాటు ఏ ఏడాదిదో అంకెల్లో చెప్పలేడు, "ఇది మా పెద్దోడు పుట్టిన ఏటిది, ఇది తెల్లావు కొట్టుకుపోయినేటిది" అని చెబుతాడు. 1953 వరద గాటు గుమ్మం పైకమ్మీకి కాస్త కింద ఉంది. 1986 ఆగస్టు వరద గాటు గుమ్మం మీద లేనే లేదు. "అది ఏదండీ?" అంటే తలెత్తి పైన దూలం చూపించాడు.

ఆయన్ని బడికి పిలిచాం. నాకెందుకమ్మా బడి అన్నాడు గాని, మనవరాలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. బెత్తెడు, జానెడు, మూర, బార పిల్లల చేతులమీదే కొలిచి చూపించాడు. మూడు బెత్తెలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. "మీ జాన నా జాన అంతుండదు, అందుకే నీటిని కొలిసేటప్పుడు ఎవుడి జానో సెప్పాలి" అన్నాడు. కొలతకి ప్రమాణం ఎందుకు కావాలో అంతకన్నా తేటగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఆ ఆగస్టులో రేవులో వెదురుగడ పాతి, జానజానకీ రంగుదారం కట్టాం. పిల్లలు పొద్దున్నే వెళ్ళి నీరు ఏ దారం దాకా వచ్చిందో చూసి వచ్చి బల్లమీద రాసేవారు. రేడియోలో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు అంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది. ఆ అంకెలు పెద్దవాళ్ళు భయంతో వింటారు. మా రెండో తరగతి పిల్లలు ఆ అంకెలు విని, గడ మీద దారాలు చూసి, "ఇంకో రెండు దారాలు దాటితే గట్టుమీదకి పోదాం" అని ఇంట్లో చెప్పేవారు. వరదకి ఊరంతా ఏటిగట్టు మీదకి వస్తే బడి కూడా గట్టు మీదకే వచ్చేది. టార్పాలిన్ల కింద, ఎసరు పొగలో, పలకలు పట్టుకుని.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను సంగతి కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్లు నేలకూలిపోయాయి. మా బడి పెంకులు ఎగిరిపోయాయి. నాలుగు రోజులకి పడవలు తిరిగాక వెళ్ళి చూస్తే, గోడమీది అట్టలన్నీ తడిసి ముద్దయి నేలమీద పడి ఉన్నాయి. ఐదేళ్ళ మాటలు. నా దగ్గర జాబితా రాసి పెట్టుకున్నది లేదు. ఏం చెప్పాలో తెలీక పిల్లలతో కలిసి ఆ ముద్దలు ఎత్తి పోస్తున్నాను. ఊళ్ళో వాళ్ళకి అప్పుడు తలదాచుకోవడానికి చోటు లేదు, వండుకోవడానికి పుల్ల లేదు. అయినా పది పన్నెండు రోజులు గడిచాక, నీళ్ళకి వచ్చిన ఒకావిడ కిటికీ దగ్గర ఆగి, "నాది ఇక్కడుండేదండీ, బొమ్మిడాయి. దాని పక్కన మా తోడికోడలిది, దొంతి" అంది. ఇంకొకావిడ తనది చెప్పింది. రేవులో, బోరు దగ్గర, బియ్యం పంచేచోట, ఎవరి మాట వాళ్ళు గుర్తుచేసుకుని చెప్పారు. ఏ మాట పక్కన ఏది ఉండేదో కూడా చెప్పారు. పట్నం వెళ్ళిపోయిన వాళ్ళ మాటలు ఇరుగుపొరుగులు చెప్పారు. పిల్లలే రాశారు. పాత గోడమీద నా చేతిరాత ఉండేది, కొత్త గోడమీద వాళ్ళదే. ఒకటో తరగతిలో నోరు విప్పని కుర్రాడు అప్పటికి ఐదో తరగతి పూర్తిచేసి, గోదారి దాటి హైస్కూలుకి వెళుతున్నాడు. తుఫాను సెలవుల్లో వచ్చి మూడు అట్టలు రాసి అంటించాడు. నావ, పడవ, దోనె.

1998లో చట్టం వచ్చి విద్యా కమిటీలు పడ్డాయి. తల్లిదండ్రులే ఎన్నుకునే కమిటీలు. మంచి పనే. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీల్లో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలన్నారు, సగం మంది ఆడవాళ్ళుండాలన్నారు. వాటిలో నేను చాలా ఏళ్ళు కూర్చున్నాను. గోడలు కట్టించుకున్నాం, మరుగుదొడ్లు కట్టించుకున్నాం. కానీ కుర్చీలు వేసి, తీర్మానం చదివి, సంతకాలు పెట్టించుకున్నచోట ఏ తల్లీ నాతో తన బిడ్డ రాత్రి నిద్రలో ఏం కలవరిస్తాడో చెప్పలేదు. మార్కుల కాగితం చేతికిచ్చి పంపేసే సమావేశాలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. ఆ కాగితం ఇచ్చేముందు "ఇంటి దగ్గర పిల్ల ఏం చేస్తుందమ్మా?" అని ఒక్క మాట అడగండని, ట్రైనింగులకి పిలిచిన ప్రతిచోటా చిన్న టీచర్లకి చెబుతూనే ఉన్నాను. అడిగి, చెప్పింది విని, మర్నాడు పాఠంలో అది కలపండి, తల్లికి ఆ సంగతి తెలిసేలా కలపండి అని.

1999లో బదిలీ అయింది. ఆఖరి రోజు సాయంత్రం రేవుకి చాలామంది వచ్చారు. అరటిగెల, దొండకాయల సంచి, ఎవరో కోడిని కూడా తెచ్చారు. ఆ గడ్డిమోపు తల్లి వాళ్ళందరి వెనకాల నిలబడింది. అందరూ మాట్లాడడం అయ్యాక ముందుకొచ్చి నా పక్కన ఇసకలో కూర్చుంది. చిన్నకూతురు ఆ ఏడే ఒకటో తరగతిలో చేరుతోంది. ఆ పిల్లకి ఏమేం వచ్చో చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నే కోళ్ళని ఎలా లెక్కపెడుతుందో, ఏ కోడి ఎక్కడ గుడ్డు పెడుతుందో ఎలా కనిపెడుతుందో, చీకటంటే భయమనీ, పేరు పెట్టి పిలిస్తే పలకదనీ, బుజ్జమ్మా అంటేనే పలుకుతుందనీ. "కొత్త పంతులమ్మగారికి మీరు సెప్పెళ్ళాలండీ ఇయన్నీ" అంది. మీరే చెప్పండి, ఈ రేవులోకే వస్తుంది ఆవిడ కూడా అన్నాను. కాసేపు ఆలోచించి, సరే, నేనే సెప్తాలెండి అంది.

పడవ వచ్చి ఆగింది. నేను లేవబోతుంటే కొంగు పట్టుకుంది.

"దీన్ని పోనీండమ్మా. ఇంకా సెప్పాల్సింది ఉంది."